జీతం ఆగిన చోటే యజమాని చూపూ ఆగాలి

(మహబూబ్‌నగర్‌లోని ఒక డిగ్రీ కాలేజీలో "చదువుకుంటూ పనిచేసే విద్యార్థుల పని గంటలు, వ్యక్తిగత గోప్యత" అనే అంశంపై చర్చా పోటీ జరిగింది. పోటీ ముగిశాక, న్యాయనిర్ణేతగా వచ్చిన కార్మిక న్యాయవాది మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాశాం.)

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపక మిత్రులకు, ఇప్పటిదాకా వాదించిన పిల్లలకు, కదలకుండా కూర్చుని విన్న మీ అందరికీ నమస్కారం. వెనక వరసకు వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడకండి.

ఎవరు గెలిచారో ప్రిన్సిపాల్ గారు చెప్తారు. మార్కుల కాగితం ఆయన చేతికి ఇచ్చేశాను. నేను మాట్లాడాల్సింది మీ వాదనల గురించి. ముందుగా ఒక్కటి అడుగుతాను. ఈ హాల్లో కాలేజీ అయిపోయాక ఏదో ఒక పనికి పోయేవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. దించకండి, కాసేపు అలాగే ఉంచండి, సార్లు కూడా చూడాలి. బట్టల షోరూము, మొబైల్ షాపు, సూపర్ మార్కెట్లో బిల్లింగ్, పెట్రోల్ బంకు, మెడికల్ షాపు, డయాగ్నస్టిక్ సెంటర్లో రిసెప్షన్, జిరాక్స్ సెంటర్, ఫుడ్ డెలివరీ. పెళ్లిళ్ల సీజన్లో క్యాటరింగుకు పోయేవాళ్లను కూడా కలిపితే ఇంకెన్ని చేతులు లేస్తాయో. సరే, దించండి. చూశారు కదా సార్, ఇది నలుగురైదుగురు పిల్లల సమస్య కాదు.

ఇవాళ్టి అంశాన్ని రెండు ముక్కలుగా ఇచ్చారు. ఒకటి పని గంటలు, రెండోది గోప్యత. మొదటి జట్టు విద్యార్థులకు వారానికి 20 గంటల హద్దు పెట్టాలని గంటల గురించే మాట్లాడి, చివర్లో కెమెరాల గురించి రెండు మాటలన్నది. రెండో జట్టు కెమెరాల మీద బాగా మాట్లాడింది, గంటల దగ్గరికి వచ్చేసరికి "ఎవరి అవసరం వాళ్లది" అని వదిలేసింది. నేను చెప్పేదేమిటంటే, ఇవి రెండు విషయాలు కావు. ఒకటే. యజమాని జీతమిచ్చి తీసుకున్నది మీ నాలుగు గంటల పనిని. మిమ్మల్ని కాదు. మళ్లీ చెప్తున్నా, పనిని తీసుకున్నాడు, మిమ్మల్ని తీసుకోలేదు. నాలుగు గంటలకు జీతమిస్తే ఆ నాలుగు గంటల్లో, ఆ పనికి సంబంధించినంత వరకే మిమ్మల్ని గమనించే హక్కు ఆయనకు ఉంటుంది. ఐదో గంటలో కూడా మీరెక్కడున్నారో, ఏం చేస్తున్నారో ఆయనకు తెలియాలంటే ఆ ఐదో గంట కూడా డ్యూటీ కిందికే వస్తుంది. దానికి పైసలివ్వాలి. ఇవ్వనంటే చూడటం ఆపాలి.

ఇది గాల్లో మాట కాదు. ఈ మధ్య ఒక డిగ్రీ అబ్బాయి నా ఆఫీసుకు వచ్చాడు. ఏ కాలేజీ, ఏ షాపు అనేది మనకు అనవసరం. జీతంలో కోత పెట్టారని వచ్చాడు. ఎందుకు పెట్టారు నాయనా అంటే ఫోన్ తీసి షాపు వాట్సాప్ గ్రూపు చూపించాడు. ఆ గ్రూపు మొత్తం చదివాను. సాయంత్రం నాలుగున్నరకు షట్టర్ ముందు నిలబడి, లొకేషన్ ఆన్ చేసి సెల్ఫీ పెట్టాలి. సరే, అది హాజరు అనుకుందాం. పొద్దున 11 గంటల 20 నిమిషాలకు ఇంకో మెసేజ్, "నిన్న వచ్చిన పార్సిల్ ఎక్కడ పెట్టినవ్?" ఆ టైముకు ఆ పిల్లవాడు ఎకనామిక్స్ క్లాసులో ఉన్నాడు. రాత్రి పావు తక్కువ పదకొండుకు మరొకటి. "రేపటి ఆఫర్ పోస్టర్ అందరూ స్టేటస్ పెట్టుకోండి. పెట్టి స్క్రీన్‌షాట్ గ్రూపులో పంపండి. పంపనివాళ్లకు 100 కట్." ఈ అబ్బాయి ఆ రాత్రి పంపలేదు. నిద్రపోయాడు. అందుకే కోత.

ఆ మెసేజ్‌లో ఎన్ని విషయాలున్నాయో చూడండి. అతని సొంత ఫోను. అతని సొంత స్టేటస్, అంటే అతని అమ్మానాన్న, మేనమామలు, దోస్తులు చూసేది. అతను రీఛార్జ్ చేయించుకున్న డేటా. అతను నిద్రపోవాల్సిన సమయం. ఈ నాలుగూ షాపు వాడుకున్నది. ఇచ్చినదేమన్నా ఉందా? ఇవ్వకపోగా 100 పట్టుకున్నది. ఇప్పుడు చెప్పండి, ఇది పని గంటల సమస్యనా, గోప్యత సమస్యనా? ఎక్కడ విడదీస్తారు మీరు?

ముందు గంటల లెక్క చూద్దాం. కాలేజీ రోజుకు ఆరు గంటలు, వారానికి ఆరు రోజులు, మొత్తం 36. సాయంత్రం డ్యూటీ ఐదు గంటలు, అదీ ఆరు రోజులు, 30. ఆదివారం గిరాకీ ఎక్కువ కాబట్టి పొద్దుటి నుంచి రమ్మంటారు, ఇంకో పది. అంతా కలిపితే 76 గంటలు. ఇందులో బస్సు ప్రయాణం లేదు, చదువుకునే టైము లేదు. పెళ్లాం పిల్లలున్న మనిషికి, కాలేజీ లేని మనిషికి, చట్టం పెట్టిన హద్దు వారానికి 48 గంటలు. ఆ 48 ఊరికే రాలేదు. అంబేడ్కర్ గారు 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూశారు. ఆ కాలంలోనే, 1946లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి 54 గంటలను 48కి దించారు. మన రాష్ట్రంలో దుకాణాలకు వర్తించేది 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం. రోజుకు 8 గంటలు, వారానికి 48, ఆపకుండా 5 గంటలకు మించి చేయించకూడదు, మధ్యలో గంట విశ్రాంతి, వారానికి ఒక రోజు సెలవు. హద్దు దాటితే ఓవర్‌టైమ్, దానికి రెట్టింపు జీతం.

ఇక్కడ మొదటి జట్టులో ఒకరు చెప్పిన మాట సరిచేయాలి. "తెలంగాణలో ఇప్పుడు ఎక్కడైనా 10 గంటలు చేయించుకోవచ్చు" అన్నారు. అట్లా కాదు. 2025 జులైలో ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు వాణిజ్య సంస్థలకు, అంటే ఆఫీసుల వంటి వాటికి. దుకాణాలను అందులోంచి మినహాయించింది. ఆ వాణిజ్య సంస్థల్లో కూడా వారం హద్దు 48 గంటలే. రోజుకు పది అయినా వారానికి 48 దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాల్సిందే. షోరూము యజమాని ఎవరైనా "కొత్త జీవో వచ్చింది" అంటే, ఆ జీవో ఒకసారి చూపించమని అడగండి. మర్యాదగానే అడగండి.

ఇంటర్ పిల్లలు కూడా కొందరు వచ్చినట్టున్నారు. ముందు వరసలో కూర్చున్న మీరు ఇంటరే కదమ్మా? మీకు విడిగా చెప్తున్నా. 14 నిండనివాళ్లను పనిలో పెట్టుకోకూడదు. 14 నుంచి 18 మధ్య ఉన్నవాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోకూడదు. మామూలు పనుల్లో పెట్టుకున్నా రాత్రి 7 దాటాక చేయించకూడదు, ఓవర్‌టైమ్ అసలే చేయించకూడదు. పెళ్లి క్యాటరింగులో రాత్రి పన్నెండు దాకా ప్లేట్లు ఎత్తే పిల్లల్లో 17 ఏళ్లవాళ్లు ఎంతమంది ఉంటారో మీకు నాకంటే బాగా తెలుసు.

ఇప్పుడు అసలు ప్రశ్న. 18 నిండిన విద్యార్థికి "విద్యార్థి" అని విడిగా ఏమన్నా హద్దు ఉందా? లేదు. మన చట్టం దృష్టిలో 19 ఏళ్ల బీకాం విద్యార్థీ, 40 ఏళ్ల సేల్స్‌మెనూ ఒకటే. చదువు అనేది లెక్కలోకే రాదు. అదే మన పిల్లలు అమెరికా పోయారనుకోండి. ఎఫ్-1 వీసా, అంటే విద్యార్థి వీసా మీద కాలేజీ నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే చేయాలి. బ్రిటన్‌లో డిగ్రీ, పీజీ విద్యార్థులకు 20. కెనడాలో 2024 నవంబర్ నుంచి 24. ఆస్ట్రేలియాలో రెండు వారాలకు 48. జడ్చర్లలోనో నకిరేకల్‌లోనో కన్సల్టెన్సీకి పోయిన ప్రతి పిల్లవాడికీ ఈ అంకెలు నోటికి వస్తాయి. అక్కడి వీసా హద్దు నోటికొచ్చిన పిల్లవాడికి ఇక్కడి దుకాణంలో తన హద్దు తెలియదు. మొదటి జట్టు 20 గంటలు అనే మాట అక్కడి నుంచే తెచ్చినట్టుంది. మంచిదే. అయితే అవి వీసా షరతులు. స్థానికుల ఉద్యోగాలు పోకుండా పెట్టుకున్న ఆలోచన కూడా అందులో ఉంది. అక్కడ పుట్టి పెరిగిన పెద్ద పిల్లలకు ఆ హద్దు లేదు. కాబట్టి "అమెరికాలో ఉంది, ఇక్కడ కూడా పెట్టాలి" అంటే ఆ వాదన నిలబడదు. మన కారణం మనకు ఉండాలి.

మన కారణం మనకు ఉంది. 75 శాతం హాజరు. అది లేకపోతే స్కాలర్‌షిప్ రాదు, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. రాత్రి పదిన్నరకు షట్టర్ దించి, ఆఖరి బస్సు పట్టుకుని దేవరకద్ర వైపో నవాబ్‌పేట వైపో పోయిన పిల్ల పొద్దున మొదటి పీరియడ్‌కు ఎట్లా వస్తుంది? ఒక రోజు వస్తుంది, రెండు రోజులు వస్తుంది. మూడో రోజు పడుకుంటుంది. హాజరు 75 కిందికి పోతుంది. నెలకు ఆరేడు వేల కోసం పనికి పోయి ఏడాది ఫీజు మొత్తం నెత్తిన వేసుకుంటుంది. పని గంటల హద్దు అనేది చదువును కాపాడటానికి. మొదటి జట్టు ఈ మాట చెప్పి ఉంటే వాళ్ల వాదన ఇంకా బలంగా ఉండేది.

రెండో జట్టులో ఆఖరున మాట్లాడిన అమ్మాయి ఒక మాటన్నది. "హద్దు పెడితే దుకాణాలవాళ్లు మమ్మల్ని పనిలోకే తీసుకోరు, అప్పుడు మా ఫీజు మీరు కడతారా?" అన్నది. హాలంతా చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు, ఎందుకంటే నాకు బాధేసింది. ఆ మాటలో నిజముంది బిడ్డా. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు సమయానికి రాకపోతే కాలేజీలు పిల్లల మీద పడతాయి, పిల్లలు దుకాణాల మీద పడతారు. అది విద్యార్థి తప్పు కాదు. అవసరం ఉన్నవాళ్లు పని మానుకోవాలని నేను అనను. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమయ్యాక పల్లెల నుంచి పట్నానికి పనికొచ్చే ఆడపిల్లలు ఎక్కువయ్యారు, నేను రోజూ బస్టాండులో చూస్తున్నాను. అది నాకు సంతోషమే. సొంత పైసలతో పరీక్ష ఫీజు కట్టిన ఆడపిల్ల మాటకు ఇంట్లో విలువ పెరుగుతుంది.

అందుకని నేను అడిగేది ఏడాది పొడవునా ఒకే హద్దు కాదు. కాలేజీ నడిచే వారాల్లో 20, మహా అయితే 24 గంటలు. సంక్రాంతికి, వేసవికి, సెలవుల్లో అందరితో పాటు 48. సెమిస్టర్ పరీక్షలకు ముందు వారం, పరీక్షల రోజుల్లో సెలవు. జీతంతో కూడిన సెలవు కాకపోయినా సరే, ఉద్యోగం పోని సెలవు కావాలి. దీపావళి ముందు వారం ఎక్కువసేపు ఉంటాం, పరీక్షలప్పుడు వదలండి అంటే ఒప్పుకునే సేటులు మన ఊళ్లో లేరా? ఉన్నారు. నాకు తెలిసినవాళ్లే ఉన్నారు. అయితే అది నోటిమాటగా ఉంటుంది, మేనేజర్ మారితే మాట మారుతుంది. కాగితం మీద ఉండాలి. 2025 నవంబర్ 21 నుంచి కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లను, అంటే పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన కొత్త చట్టాలను, అమల్లోకి తెచ్చింది. నియామక పత్రం ఇవ్వాలనే మాట వాటిలో ఉంది. "పార్ట్‌టైమ్ పిల్లలకు లెటర్ ఏంటి" అనే రోజులు పోవాలి.

ఇక కెమెరాల దగ్గరికి వద్దాం

రెండో జట్టు "కెమెరాలన్నీ తీసేయాలి" అన్నది. అది కుదరదు. జనం రద్దీగా వచ్చే సంస్థల్లో కెమెరాలు పెట్టాలని, 30 రోజుల రికార్డు దాచాలని 2013 నాటి ప్రజా భద్రత చట్టమే చెప్తుంది. దుకాణదారుకు దొంగతనం భయం నిజమైనది. ఒక చీర పోతే దాని మీద వచ్చే లాభం కోసం ఇంకెన్ని చీరలు అమ్మాలో ఆయనకు తెలుసు. కౌంటర్ మీద, డోర్ దగ్గర, క్యాష్ దగ్గర కెమెరా ఉంటే అది మీకు కూడా రక్షణే. లెక్క తేడా వచ్చినప్పుడు "నేను తియ్యలేదు" అని చూపించుకోవడానికి మీకున్న సాక్ష్యం అదే.

కాబట్టి కెమెరా ఉందా లేదా అని కాదు అడగాల్సింది. అది ఎటు చూస్తోంది, ఎవరు చూస్తున్నారు, ఎన్ని రోజులు దాస్తున్నారు, దేనికి వాడుతున్నారు. ఈ నాలుగు అడగాలి.

ఎటు చూస్తోంది అనే దానికి ఒక సంగతి చెప్తాను. ఒక షోరూములో పని చేసే ఆడపిల్లలు చెప్పింది. మూడో అంతస్తులో గోదాము. అట్టపెట్టెల మధ్య నాలుగు అడుగుల జాగా, అక్కడే వాళ్లు టిఫిన్ బాక్సులు విప్పుకుంటారు, అక్కడే యూనిఫారం చీర కట్టుకుంటారు. వేరే గది లేదు. ఒక రోజు అక్కడ పైన కెమెరా పెట్టారు. స్టాక్ కోసం అన్నారు. అప్పటి నుంచి ఆ పిల్లలు ఒకరు చీర మార్చుకుంటుంటే ఇద్దరు దుప్పటి అడ్డం పట్టుకుని నిలబడుతున్నారు. అన్నం తినేటప్పుడు గోడ వైపు తిరిగి తింటున్నారు. ఆ కెమెరా ఫుటేజీ యజమాని ఫోనులో, మేనేజర్ ఫోనులో, ఇంకా యజమాని బావమరిది ఫోనులో కూడా వస్తుందట. ఇది స్టాక్ కోసమా? మీరే చెప్పండి. బట్టలు మార్చుకునే చోట కెమెరా పెట్టి ఒంటిని చిత్రీకరిస్తే అది క్రిమినల్ నేరం. ఐటీ చట్టం 66ఇ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ వేరే. ఆడపిల్లలు దుప్పటి పట్టుకుని నిలబడాల్సిన అవసరమే లేదు. పట్టుకోవాల్సింది కంప్లయింట్ కాగితం. పదిమంది కంటే తక్కువ మంది పనిచేసే దుకాణమైతే పనిచోట లైంగిక వేధింపుల మీద జిల్లా స్థాయి స్థానిక కమిటీ ఉంటుంది. ఆడవాళ్ల కోసం పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి. ఆ పిల్లలతో నేను ఇదే చెప్పాను, మీకూ చెప్తున్నాను.

గోప్యత హక్కు అని మీరు పుట్టస్వామి కేసు చెప్పారు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా ఇచ్చిన తీర్పు, 21వ అధికరణం కింద గోప్యత ప్రాథమిక హక్కే అని. బాగా చెప్పారు. అయితే ప్రాథమిక హక్కు ముఖ్యంగా ప్రభుత్వం మీద నిలబడేది. ప్రైవేటు యజమాని మీద నిలబడాలంటే చట్టం కావాలి. ఆ చట్టం 2023లో వచ్చింది, డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం. దాని నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి. మీ సమాచారం వాడుకునేవాళ్ల మీద పడే ముఖ్యమైన బాధ్యతలు అక్కడి నుంచి 18 నెలలకు అమల్లోకి వస్తాయి. అంటే 2027 మే దాకా ఆగాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. అదే చట్టం ఏడో సెక్షన్‌లో, ఉద్యోగ అవసరాలకు, యజమానికి నష్టం జరగకుండా చూసుకోవడానికి అయితే ఉద్యోగి అనుమతి అడగనక్కరలేదని రాశారు. నా అభిప్రాయంలో ఆ తలుపు మరీ వెడల్పుగా తెరిచారు. "ఉద్యోగ అవసరం" అనే మాట వెనక దేన్నైనా పెట్టొచ్చు. రాత్రి స్టేటస్ స్క్రీన్‌షాట్ కూడా ఉద్యోగ అవసరమే అంటారు. ఆ వాదన కోర్టులో తేలాలంటే ఎవరో ఒకరు ప్రశ్నించాలి.

18 నిండనివాళ్లకు మాత్రం ఆ చట్టం గట్టిగానే ఉంది. తల్లిదండ్రుల అనుమతి కావాలి. పిల్లల కదలికల మీద నిఘా పెట్టకూడదు. కొన్ని మినహాయింపులున్నాయి, అయినా ఆ దారి మంచిది.

"సంతకం పెట్టాం కదా సార్, ఒప్పుకున్నట్టే కదా" అని ఒకరన్నారు. ఎవరు, నువ్వే కదా బాబూ అన్నది? చూడు, ఆరు వేల జీతం లేకపోతే హాస్టల్ ఖాళీ చేయాల్సిన పిల్లవాడు పెట్టిన సంతకం, వద్దనగలిగిన మనిషి పెట్టిన సంతకం రెండూ ఒకటేనా? వద్దంటే పని పోతుందని తెలిసి ఒప్పుకున్నదాన్ని ఒప్పుకోవడం అంటామా?

సంతకం పేరుతోనే ఇంకో పని చేస్తున్నారు. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో ఒరిజినల్స్ తీసుకుని పెట్టుకుంటున్నారు. ఏడాది దాకా పని మానకుండా ఉండటానికట. 2018లో యూజీసీ కాలేజీలకే చెప్పింది, విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ దగ్గర పెట్టుకోవద్దని. కాలేజీకే లేని అధికారం దుకాణానికి ఎక్కడి నుంచి వచ్చింది? దయచేసి ఇవ్వకండి. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, ఆ జిరాక్స్ మీద "ఫలానా దుకాణంలో ఉద్యోగం కోసం మాత్రమే" అని రాసి తేదీ వెయ్యండి. ఆధార్ అడిగితే మొదటి ఎనిమిది అంకెలు కనపడని మాస్క్‌డ్ ఆధార్ ఉంటుంది, ఆధార్ వెబ్‌సైట్‌లోంచి మీరే దింపుకోవచ్చు, అది ఇవ్వండి.

సర్టిఫికెట్ల మాట వస్తే నాకు పాలమూరు లేబరే, అంటే మన జిల్లా నుంచి వలస పోయిన కూలీలే గుర్తొస్తారు. మీలో చాలామంది తాతలు, ముత్తాతలు పోయిన పనే అది. గుంపు మేస్త్రీ ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆ అడ్వాన్సు తీరేదాకా నాగార్జునసాగర్‌లోనో శ్రీశైలంలోనో ఇంకెక్కడో డ్యాము కట్ట మీద ఉండాలి. పొద్దెక్కకముందు పని, పొద్దుగూకినాక పని, వర్షమొచ్చి పని ఆగినా అక్కడే ఉండాలి. ఎవరూ గంటలు లెక్కపెట్టలేదు. ఎందుకు లెక్కపెట్టలేదు? ఎందుకంటే మేస్త్రీ తీసుకున్నది గంటలను కాదు, మనిషిని. మనిషినే తీసుకున్నాక గంటలతో పనేముంది? 1976లో వెట్టి చాకిరీ రద్దు చట్టం వచ్చింది, 1979లో వలస కార్మికుల చట్టం వచ్చింది. వాటి కోసం ఎంతమంది ఎంత కొట్లాడితే వచ్చాయో మీ ఇళ్లలో పెద్దవాళ్లను అడగండి. షోరూముకు పోయే పిల్లలందరూ వెట్టివాళ్లు అని నేను అనడం లేదు, ఆ మాట చాలా పెద్దది, తేలిగ్గా వాడకూడదు. కానీ జామీనుగా కాగితం పెట్టుకోవడం, గంట లెక్క లేకపోవడం, పని లేనప్పుడు కూడా ఎక్కడున్నావని అడగడం, ఈ మూడూ ఒకచోట చేరితే ఈ జిల్లావాళ్లకు వెంటనే అనుమానం రావాలి. ఇంకో జిల్లావాళ్లకు రాకపోయినా మనకు రావాలి.

లొకేషన్ యాప్ గురించి క్లుప్తంగా చెప్తాను. డెలివరీ పని చేసేవాళ్లకు ఆర్డర్ ఉన్నప్పుడు లొకేషన్ ఉండక తప్పదు. లాగవుట్ అయ్యాక ఫోన్ సెట్టింగ్స్‌లోకి పోయి "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అని మార్చుకోండి. షాపువాళ్లు సొంత ఫోన్లో హాజరు యాప్ వేయించినా అదే పద్ధతి. ఆ యాప్ కాంటాక్టులు, ఫొటోలు, మైకు అడిగితే వద్దు అని నొక్కండి. హాజరుకు మీ ఫొటోల గ్యాలరీతో పనేముంది?

కోతల సంగతి ఒక్కటి ఉంది, ఇది అందరూ రాసుకోండి. కెమెరాలో ఫోన్ చూస్తూ కనపడ్డావని 500, కూర్చున్నావని 200, నవ్వుతూ మాట్లాడావని 100. ఇట్లా ముక్కుపిండి వసూలు చేస్తున్నారు. ఇందాక చెప్పిన నాలుగు కోడ్‌లలో ఒకటైన వేతనాల కోడ్ ఏమంటోంది? దేనికి జరిమానా వేస్తారో ఆ జాబితాకు ప్రభుత్వ ఆమోదం ఉండాలి. అది పనిచోట గోడ మీద పెట్టాలి. జరిమానా వేసేముందు నీ మాట వినాలి. ఇంత చేసినా ఒక నెలలో వేసే జరిమానాలన్నీ కలిపి ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు. ఆరు వేల జీతానికి 3 శాతం ఎంత? చెప్పండి. ఆ, 180. మొదట చెప్పిన ఆ వాట్సాప్ గ్రూపు అబ్బాయికి కోతలన్నీ కలిపి ఒక్క నెలలో పట్టుకున్నది 1,100. ఆ 1,100 కోసం మేం షాపుకు ఉత్తరం రాశాం. యజమాని గొడవ లేకుండా తిరిగి ఇచ్చేశాడు. ఆయనకు కూడా ఈ లెక్క తెలియదట, మేనేజర్ పెట్టిన రూల్ అన్నాడు. నేను నమ్మాను. చాలాచోట్ల తెలియకే జరుగుతుంది. అందుకే అడగాలి అంటున్నాను.

అడిగేముందు మీ దగ్గర లెక్క ఉండాలి. కొట్లాటలన్నీ లెక్క దగ్గరే ఓడిపోతాం. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. ఏ రోజు ఎన్నింటికి పోయారు, ఎన్నింటికి షట్టర్ దించారు, మధ్యలో తినడానికి ఎంతసేపు ఇచ్చారు, డ్యూటీ అయ్యాక వచ్చిన మెసేజ్ ఎన్నింటికి వచ్చింది. రోజుకు రెండు నిమిషాల పని. ఆ గ్రూపు మెసేజ్‌లు డిలీట్ చేయకండి. జీతం చేతికి ఇస్తే ఫోన్‌పేలో వేయమనండి, కనీసం సంతకం కాగితం తీసుకోండి. సమస్య వస్తే మీ ప్రాంతం అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ దగ్గరికి పోవచ్చు. పోవడానికి వకీలు అక్కరలేదు. వకీలు కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, మహిళలకు, 18 నిండనివారికి, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువున్నవారికి ఉచితం. 15100 నంబరుకు ఫోన్ చేయండి. 18 లోపు పిల్లలకు 1098.

ఒంటరిగా పోయి అడిగితే పని పోతుందని భయమా? భయం ఉంటుంది. లేదనను. అందుకే ఇది ఒక్కొక్కరు చేసే పని కాదు, కాలేజీ చేయాల్సిన పని. ప్రిన్సిపాల్ గారూ, మీ ముందే అడుగుతున్నాను. ఇవాళ వాదించిన రెండు జట్లనూ ఒకచోట కూర్చోబెట్టండి. ఒక పేజీ ఒప్పంద పత్రం తయారు చేయనివ్వండి. కాలేజీ రోజుల్లో ఎన్ని గంటలు, ఎన్నింటికి వదలాలి, పరీక్షల సెలవు, కెమెరా ఎక్కడ ఉండకూడదు, డ్యూటీ అయ్యాక మెసేజ్ పెట్టొద్దు, ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకోవద్దు. అంతే, ఒక పేజీ. దాని మీద కాలేజీ ముద్ర వేసి, మన పిల్లలు పనిచేసే దుకాణాలకు పంపిద్దాం. "మా విద్యార్థిని తీసుకుంటే ఈ షరతుల మీద తీసుకోండి" అని కాలేజీ చెప్తే అది పిల్లవాడు ఒక్కడే చెప్పినట్టు ఉండదు. కొందరు ఒప్పుకోరు. ఒప్పుకున్నవాళ్ల పేర్లు నోటీసు బోర్డు మీద పెడదాం, పిల్లలు అక్కడికే పోతారు.

రెండో జట్టు అమ్మాయీ, నువ్వు అడిగిన ప్రశ్న ఆ పత్రంలో ఉండాలి. హద్దు వల్ల గంటలు తగ్గితే జీతం ఎంత తగ్గుతుంది, ఆ లోటు ఎట్లా పూడ్చాలి అనేది నువ్వే రాయాలి, ఎందుకంటే ఆ అవసరం నీకు తెలిసినంతగా నాకు తెలియదు. మొదటి జట్టు గంటల భాగం రాయాలి. చిత్తుప్రతి వచ్చే శనివారం లోపు నాకు పంపండి. చట్టానికి అడ్డం వచ్చే మాటలేమన్నా ఉంటే సరిచేసి పంపిస్తాను. ఫీజు ఏమీ వద్దు. నంబరు ప్రిన్సిపాల్ గారి దగ్గర ఉంది. ఇప్పుడు సార్ ఫలితాలు చెప్తారు.